కర్ర కోసం కొండెక్కాం!

మారేడుమిల్లి వెళ్లేవాళ్లంతా దేనికి వెళ్తారో తెలిసిందే. పచ్చటి కొండలు, వాగులు, జలపాతాలు... ఆకలేస్తే బొంగులో చికెన్. పోయిన మాఘమాసంలో నేనూ వెళ్లాను. కాకపోతే నాకు కావాల్సింది బొంగులో ఉడికిన కోడి కాదు, బతికున్న కోడి. అది రాత్రిపూట ఎక్కడ పడుకుంటుందో, ఏ కర్ర మీద పడుకుంటుందో చూడాలి. ఆ మాట చెప్పేసరికి రాజమండ్రి బస్టాండులో టీకొట్టాయన నన్ను ఎగాదిగా చూశాడు. 'కోడి పడుకోడం చూడ్డానికి 85 కిలోమీటర్లా అండీ!' అని పకపకా నవ్వాడు.

ఆయన నవ్వడంలో తప్పులేదు. రెండు నెలల ముందైతే నేనూ నవ్వేవాణ్నే.

అమ్మ... 14 కోళ్లు

మా ఊరు గోకవరానికి ఇవతల, మెట్టలో ఉంటుంది. నాన్న పోయి మూడేళ్లయింది. అమ్మ ఒక్కతే ఉంటోంది. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం. 'వచ్చెయ్యమ్మా' అన్నప్పుడల్లా ఒకటే జవాబు... 'కోళ్లనెవరు చూస్తార్రా?' పొద్దున్నే గూడు తలుపు తీయడం, నూకలు చల్లడం, గుడ్లు ఏరడం, గద్ద కనిపిస్తే 'హోయ్' అని అరవడం, సందె వేళకి లెక్కపెట్టి తలుపు వేయడం... ఆ 14 కోళ్ల చుట్టూనే ఆవిడ రోజంతా తిరుగుతుంటుంది. రాత్రి ఫోన్‌లో మాట్లాడే కబుర్లలోనూ సగం వాటివే. ఏ పెట్ట పొదుగుకొచ్చిందో, ఏది పక్కింటి గడ్డివాములో దొంగచాటుగా గుడ్లు పెడుతోందో నాకు హైదరాబాద్‌లో కూర్చుని తెలిసిపోయేది.

సంక్రాంతికి వెళ్లేసరికి పాత గూడు ఓ పక్కకి ఒరిగిపోయి ఉంది. నాన్న కట్టింది. మట్టిగోడలు, పైన తాటాకు. అమ్మ వంగి వంగి శుభ్రం చేయలేకపోతోందని నాకు దిగులు. దాన్ని పీకించేసి, టౌన్లో వెల్డింగ్ షాపులో రేకులతో కొత్తది చేయించాను. లోపల కోళ్లు ఎక్కడానికి నాలుగు స్టీలు పైపులు... మెట్లలా ఒకదాని కంటే ఒకటి ఎత్తుగా. 'నీళ్లు కొడితే చాలమ్మా, తళతళలాడుతుంది' అని చెప్పి, పండగ సెలవులు అయిపోగానే బస్సెక్కేశాను.

తళతళలాడింది నిజమే. కోళ్లే అందులో నిలవలేదు. పైపు మీద కాలు నిలిచేది కాదు, జారేది. పై పైపు కోసం ఒకటే కొట్లాట. ఓడిపోయి కింద కూర్చున్నవాటి వీపుల మీద పైవాటి రెట్ట. నాలుగోరోజు నుంచి ఒక్కటీ లోపలికి వెళ్లలేదు. సందె పడగానే అన్నీ పెరట్లో జామచెట్టు ఎక్కడం మొదలుపెట్టాయి. జామచెట్టు ఎంత ఎత్తనీ! బావురుపిల్లికి అది నిచ్చెనతో సమానం. మూడు రాత్రుల్లో అయిదు కోళ్లు పోయాయి.

ఆ తెల్లారి అమ్మ ఫోన్ చేసింది. పెరట్లో ఈకలు ఏరుతూ మాట్లాడుతోందని గొంతును బట్టే తెలిసింది. 'ఇంక కోళ్లొద్దులేరా. ఉన్నవాటిని ఎవరికైనా ఇచ్చేసి నీ దగ్గరికే వచ్చేస్తాను' అంది. మూడేళ్లుగా నేను వినాలనుకున్న మాట అదే. వినగానే సంతోషం కలగాలి కదా! కలగలేదు. ఆవిడ రావాలని అనుకున్నాను కానీ ఇలా ఓడిపోయి రావాలని కాదు.

మా బావకు ఈ సంగతి చెప్పాను. ఆయన ఏజెన్సీలో టీచరు, ఇరవై ఏళ్లుగా ఆ కొండల్లోనే ఉంటున్నాడు. 'అత్తయ్యను తీసుకెళ్లడానికి ఏం తొందర? ముందు ఓ రాత్రి మా వైపు రా. కోళ్లకి ఇల్లు కట్టడం ఎలాగో చూపిస్తాను' అన్నాడు. అదీ నా మారేడుమిల్లి ప్రయాణం వెనకున్న కథ.

మన్యం దారిలో...

గోకవరం దాటితే పొలాలు తగ్గి జీడిమామిడి తోటలు మొదలవుతాయి. రంపచోడవరం వచ్చేసరికి గాలి మారుతుంది. 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజు మన్యం వీరులతో కలిసి తెల్లదొరలను ముప్పుతిప్పలు పెట్టింది ఈ కొండల్లోనే. అక్కడి నుంచి మారేడుమిల్లికి రోడ్డు మలుపులు తిరుగుతూ పైకి వెళ్తుంది. రెండు పక్కలా వెదురు పొదలు. అప్పుడప్పుడే మోదుగలు పూతకొస్తున్నాయి. పాములేరు వాగు దగ్గర పర్యాటకుల కార్లు బారులు తీరి ఉన్నాయి. రోడ్డు పక్కన నిప్పుల మీద బొంగులు వరసగా ఆనించి ఉన్నాయి. అక్కడ ఆగకుండా వెళ్లడం ఎంత కష్టమో వెళ్లినవాళ్లకే తెలుసు.

బావ బండి మీద మెయిన్ రోడ్డు వదిలి మట్టిదారి పట్టాం. కాసేపటికి ఓ కొండరెడ్ల పల్లె. పాతిక ఇళ్లకు మించి ఉండవు. వెదురు తడకల మీద మట్టి మెత్తిన గోడలు, పైన గడ్డి కప్పు. వెదురుతో బుట్టలూ తట్టలూ అల్లడంలో కొండరెడ్లది అందెవేసిన చెయ్యి. కొండవాలులో పోడు సేద్యం, అడవిలో దొరికే సరకు, ఇంటిముందు కోళ్లు, మేకలు... ఇదీ వాళ్ల జీవనం. డబ్బు అవసరం పడితే కోడినే చంకన పెట్టుకుని సంతకు వెళ్తారు. అందుకే కోడికి చేసే మర్యాద కూడా అలాగే ఉంటుంది.

బావ తీసుకెళ్లిన ఇంట్లో ఓ ముసలావిడ ఉంది. బావ వచ్చిన పని చెప్పగానే ఆవిడా నవ్వింది. 'కోళ్లు ఎక్కేదాకా కూకోండి బాబూ' అని అరుగు మీద ఈతచాప పరిచింది.

సందె వేళ వరస

గూడు ఇంటి చూరు పక్కనే ఉంది. నడుమెత్తు గుంజలు నాలుగు, వాటి మీద వెదురు బద్దల అడుగు. చుట్టూ తడక గోడ. కింది సగం మట్టి మెత్తి, పై సగం గాలి ఆడేలా వదిలేశారు. పైన గడ్డి కప్పు. తలుపుకి ఆనించి గాట్లు పెట్టిన కర్ర ఒకటి నిచ్చెనలా ఉంది. గుంజల చుట్టూ పాత రేకు ముక్కలు చుట్టి ఉన్నాయి. ఎందుకని అడగక్కర్లేకపోయింది. ఎలుకైనా, పిల్లయినా రేకు మీద పట్టు దొరక్క జారిపోవాల్సిందే.

సూర్యుడు కొండ వెనక్కి దిగాడో లేదో, ఎవరూ పిలవకుండానే కోళ్లు ఒక్కొక్కటీ నిచ్చెన దగ్గరికి చేరాయి. ముందు ఓ పెద్ద పెట్ట ఎక్కింది. దాని వెనక మిగతావి. తొందరపడి ముందుకెళ్లిన చిన్నదాన్ని ఇంకో పెట్ట ముక్కుతో పొడిచి వెనక్కి పంపింది. కోళ్లలో ఎవరి స్థానం వాళ్లకుంటుంది. మంచి చోటు పెద్దవాటిదే. అన్నీ ఎక్కాక చివర్లో పుంజు వచ్చింది. అసీల్ జాతి, డేగ రంగు, మనిషి మోకాలి దాకా ఉంది. ఈ జాతి పుంజులు నాలుగైదు కిలోల దాకా తూగుతాయి.

టార్చి పట్టుకుని లోపలికి తొంగి చూశాను. నేను 85 కిలోమీటర్లు వచ్చింది దీనికోసమే. పెట్టలకు రెండు అడ్డకర్రలు, రెండూ ఒకే ఎత్తులో. పుంజుకి మాత్రం తలుపు దగ్గర జానెడు ఎత్తున విడిగా ఒకటి. నేను అడుగుతూపోయాను, అవ్వ చెబుతూపోయింది.

'ఎత్తు తేడా పెడితే అన్నీ పైదానికే ఎగబడతాయి. రాత్రంతా తన్నులాటే. ఒకే ఎత్తయితే ఏదెక్కడుంటే ఏంటి?'

'మరి పుంజుకి ఎందుకు అంత కింద?'

'ఈడు బరువోడు బాబూ. పొద్దున్నే పైనుంచి దూకితే కాలు పోద్ది.'

ఆ మాటలో ఎంత నిజముందో పశువైద్యులను అడిగితే తెలుస్తుంది. బరువైన కోడి రోజూ ఎత్తు నుంచి గట్టి నేల మీదికి దూకితే అరికాలికి దెబ్బ తగులుతుంది. అందులో సూక్ష్మక్రిములు చేరి చీముగడ్డ కడుతుంది. గరుకు చీలికలున్న కర్ర ఎక్కినా అదే ప్రమాదం. కాలు పాడైన కోడి మేతకు తిరగలేదు, గుడ్లూ తగ్గిపోతాయి.

చుట్టూ ఇంత వెదురుండగా అడ్డకర్రలకు మాత్రం అడవి కర్ర ఎందుకు వాడారన్నది నా తర్వాతి సందేహం. అవ్వ వెదురు ముక్కొకటి నా చేతికిచ్చింది. 'తడిమి చూడు. నున్నగా ఉందా? కాలు జారుద్ది. పైగా లోపల బోలు. బోలులో పురుగు కాపురం పెడుద్ది.' అడవి కర్రకు కూడా బెరడు పూర్తిగా ఒలిచేసి, బొడిపెలు చెక్కేసి ఉంది. బెరడుంటే దాని కింద నల్లి చేరుతుందట. కోడినల్లి గుణమే అంత. పగలంతా కర్ర పగుళ్లలో, సందుల్లో దాక్కుంటుంది. రాత్రి కోళ్లు కర్రెక్కగానే బయటికొచ్చి రక్తం పీలుస్తుంది. పగలు ఎంత వెతికినా కోడి ఒంటి మీద కనిపించదు. అందుకే కోడిని కాదు, కర్రను చూడాలి. అవ్వ ఇంట్లో కర్రలు గోడకు కొట్టేయలేదు. గోడలోని గాడిలో ఊరికే కూర్చోబెట్టారు. నెలకోసారి బయటికి తీసి, ఎండలో పడేసి, మళ్లీ పెట్టేస్తారు.

నా స్టీలు పైపులు వెల్డింగ్ చేసి ఉన్నాయి. ఆ సంగతి అవ్వకు చెప్పలేదు.

పిల్లల తల్లి మాత్రం కర్రెక్కలేదు. ఇంటి లోపల గంప కింద పిల్లల్ని రెక్కల్లో పొదువుకుని కూర్చుంది. గంప మీద రాయి. పిల్లలు పెరిగి కర్రెక్కడం నేర్చాక గూటికి మారుస్తారు. అన్నీ సర్దుకున్నాక అవ్వ తలుపు బిగించి, గాట్ల కర్రను తీసి ఇంట్లో పెట్టేసింది. 'నిచ్చెన మనకే, పిల్లికి కాదు' అంది.

అడవి నేర్పిన అలవాటు

అసలు కోడికి ఈ కర్ర పిచ్చి ఎందుకు? జవాబు ఆ పల్లె చుట్టూనే ఉంది. మన నాటుకోడికి, ఫారం కోడికి, అన్నిటికీ మూలం ఎర్ర అడవికోడి. తూర్పు కనుమల్లోని ఈ అడవుల్లో అది ఇప్పటికీ తిరుగుతుంది. పగలంతా నేల మీద గింజలు, పురుగులు ఏరుకుని, చీకటి పడగానే చెట్టుకొమ్మ ఎక్కేస్తుంది. కోడికి చీకట్లో చూపు ఆనదు. నేల మీద ఉంటే నక్కకో పిల్లికో దొరికిపోతుంది. కాబట్టి చూపు ఉండగానే ఎత్తుకు చేరుకోవాలి. వేల ఏళ్లుగా మనింటి పెరట్లో ఉన్నా కోడి ఆ భయాన్ని మర్చిపోలేదు.

2022లో వెలువడిన ఓ అంతర్జాతీయ పరిశోధన ప్రకారం కచ్చితంగా ఇంటి కోడివే అని చెప్పగల అత్యంత పాత ఎముకలు థాయ్‌లాండ్‌లోని బాన్ నాన్ వాట్‌లో దొరికాయి. అవి క్రీస్తుపూర్వం 1650-1250 మధ్యకాలానివి. మెట్ట వరి, చిరుధాన్యాల పంటలు పండించడం మొదలయ్యాక, ఆ గింజల కోసమే అడవికోళ్లు చెట్లు దిగి మనిషి దగ్గరికి వచ్చాయన్నది ఆ పరిశోధకుల అభిప్రాయం. గింజ కోసం పగలు కిందికి దిగింది కానీ, రాత్రికి కొమ్మను వదులుకోలేదన్నమాట. మనం గూట్లో పెట్టే అడ్డకర్ర దానికి ఆ కొమ్మతో సమానం. అది సరిగ్గా లేకపోతే కోడి అసలు కొమ్మనే వెతుక్కుంటుంది, మా జామచెట్టు ఎక్కినట్టు.

ఈ సంగతి పెద్ద పెద్ద ప్రభుత్వాలూ గుర్తించక తప్పలేదు. కోళ్లను ఇరుకు తీగ పంజరాల్లో కుక్కే పద్ధతిని ఐరోపా సమాఖ్య 2012 నుంచి నిషేధించింది. ఒక్కో గుడ్లకోడికి 15 సెంటీమీటర్ల అడ్డకర్ర ఉండి తీరాలని 1999లోనే చట్టంలో రాసుకుంది. మన దేశంలో 2019 పశుగణన ప్రకారం మొత్తం కోళ్లు, బాతులు వగైరా 85 కోట్లకు పైనే. వాటిలో ఇళ్ల దగ్గర పెంచేవి సుమారు 31.7 కోట్లు. అంటే ఎన్ని కోట్ల పెరటి పక్షులకు ప్రతి సందె వేళా ఈ కర్ర సమస్య వస్తోందో ఊహించుకోండి!

ఆ రాత్రి అరుగు మీదే పడుకున్నాం. చలికి రెండు దుప్పట్లు సరిపోలేదు. తెల్లవారుజామున గూట్లోంచి డేగపుంజు కూసింది. దాని వెంటనే కొండ పైనుంచి ఇంకో కూత. గొంతు అదే, కాకపోతే చివర్లో పుటుక్కున తెగిపోయింది. 'అడవికోడి' అన్నాడు బావ దుప్పట్లోంచే.

నాన్న కర్ర

తిరిగి వచ్చేటప్పుడు నోట్‌బుక్ నిండా కొలతలు. ఇంటికి రాగానే అమ్మను కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాను. ఒకే ఎత్తు, బెరడు ఒలిచిన కర్ర, ఊడదీసేలా గాడి... అమ్మ అంతా విని నిదానంగా లేచి పశువుల పాక లోపలికి వెళ్లింది. చూరులో దోపి ఉన్న రెండు కర్రలు తీసుకొచ్చి నా ముందు పెట్టింది. నున్నగా అరిగిపోయిన సరుగుడు కర్రలు. పాత గూడు పీకించిన రోజు కూలీలు పొయ్యిలోకి పనికొస్తాయని పక్కన పడేస్తే, ఆవిడ తీసి దాచిందట.

'మీ నాన్న చెక్కినవిరా ఇవి. అన్నీ నువ్వు చెప్పినట్టే ఉండేవి' అంది.

'మరి నేను పైపులు పెట్టిస్తుంటే చెప్పలేదేమ్మా?'

'నువ్వు అడగలేదుగా. మోజుపడి చేయిస్తున్నావు, ఎందుకు కాదనాలి అనుకున్నాను.'

ఏం మాట్లాడాలో తోచలేదు. కొండెక్కి వెళ్లి అవ్వను అడిగిన ప్రశ్నల్లో ఒక్కటైనా ఇంట్లో అడిగి ఉంటే ఆ అయిదు కోళ్లూ బతికి ఉండేవి.

ఆ మర్నాడే పని మొదలుపెట్టాం. ఊరి వడ్రంగి, నేను, మధ్యలో పర్యవేక్షణకు అమ్మ. ఉన్నవి తొమ్మిది కోళ్లు. పెరగబోయేవి కలిపి 12 అని లెక్కేసుకున్నాం. నాటు పెట్టకు పది అంగుళాల చొప్పున 12 కోళ్లకు పదడుగుల కర్ర కావాలి. నాన్న కర్రలు ఒక్కోటి అయిదడుగులు, రెండూ కలిపితే సరిగ్గా పది! గూడు అయిదడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు. వెనక గోడకు అడుగు దూరంలో ఒక కర్ర, దానికి ఇంకో 15 అంగుళాల ఇవతల రెండోది. తోకలు గోడకు తగలవు, ఒకదాని ముక్కు ఇంకోదాని వీపుకి అందదు. నేలకు రెండడుగుల ఎత్తు. ఎక్కడానికి మధ్యలో ఓ చిన్న మెట్టుకర్ర. కర్రల కింద రేకు పళ్లెం, అందులో పొయ్యి బూడిద. పొద్దున్నే ఆ పళ్లెం లాగేస్తే రెట్టంతా ఎరువు గుంటలోకి. వంగాల్సిన పనే లేదు. నేను రేకుల గూడు చేయించింది కూడా అమ్మ వంగకూడదనే కదా... ఆ కోరిక అలా తీరింది.

కొత్త గూడంటే కోళ్లకు వెంటనే నమ్మకం కుదరదు. మొదటి మూడు సాయంత్రాలు చీకటి పడ్డాక జామచెట్టు మీంచి ఒక్కోదాన్నీ మెల్లగా దించి, తెచ్చి కర్ర మీద కూర్చోబెట్టాం. చీకట్లో కోడి ఎదురుతిరగదు, పెట్టిన చోట కూర్చుంటుంది. నాలుగోరోజు నేను హైదరాబాద్ వచ్చేశాను. ఆ రాత్రి ఏడింటికి అమ్మ ఫోన్.

'ఆరు ఎక్కాయిరా. మూడు మాత్రం చెట్టు కిందే తచ్చాడుతున్నాయి.'

మర్నాడు ఎనిమిది. ఆ వారం చివరికి తొమ్మిదీ ఎక్కేశాయి. మాటల మధ్యలో హైదరాబాద్ ప్రస్తావన నేను తేలేదు, ఆవిడా తేలేదు. నల్లపెట్ట పొదుగుకొచ్చిందని, 11 గుడ్లు వేశానని చెప్పింది. పిల్లలు లేచేసరికి రమ్మంది.

మీరూ గూడు కడుతున్నారా?

* కర్ర ఒకటిన్నర నుంచి రెండంగుళాల మందం ఉంటే చాలు. బొటనవేలు, చూపుడువేలు చుట్టితే పట్టేంత అని గుర్తు. సరుగుడు, వేప ఏదైనా ఫరవాలేదు. పలకల కర్రయితే అంచులు గుండ్రంగా చెక్కించండి. ఇనుప, ప్లాస్టిక్ పైపులు వద్దు.

* కోడికి ఎనిమిది నుంచి పది అంగుళాల చోటు వదలండి. కర్రకూ కర్రకూ మధ్య కనీసం అడుగు ఉండాలి.

* నాటు పెట్టలకు రెండడుగుల ఎత్తు చాలు. బరువైన పుంజులకు అడుగులోపే ఉండాలి. కింద ఊకో, ఎండుగడ్డో పరిస్తే దూకినా దెబ్బ తగలదు.

* గుడ్లు పెట్టే బుట్ట కర్ర కంటే కిందే ఉండాలి. అది ఎత్తుగా ఉంటే కోళ్లు బుట్టలోనే పడుకుని పాడుచేస్తాయి. మేత, నీళ్లు కర్ర కింద పెట్టకండి.

* కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతూనే ఒంటివేడి తగ్గించుకుంటుంది. మన ఎండలకు గూడు పై సగంలో తడకో, తీగజాలో ఉండి గాలి ఆడాలి.

* నెలకోసారి కర్రలు ఊడదీసి ఎండబెట్టండి. పగుళ్లలో వేపనూనె పూయండి. రాత్రిపూట టార్చి వేసి కర్ర అడుగు భాగం చూస్తే నల్లులుంటే కనిపిస్తాయి.

* గూడు ఎంత బాగున్నా కొక్కెర తెగులు వస్తే అంతా తుడిచిపెట్టుకుపోతుంది. టీకాల గురించి దగ్గర్లోని పశువైద్యశాలలో అడిగి తెలుసుకోండి.

ఎలా వెళ్లాలి?

మారేడుమిల్లి రాజమహేంద్రవరం నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా సుమారు 85 కిలోమీటర్లు. బస్సులున్నాయి, సొంత వాహనమైతే ఇంకా సుఖం. చలికాలం మంచి సమయం. ఘాట్ రోడ్డు మీద చీకటి పడకముందే గమ్యం చేరేలా చూసుకోండి. పాములేరు, జలతరంగిణి, అమృతధార చూడదగ్గవి. గిరిజన పల్లెలకు వెళ్తే తెలిసినవాళ్లను వెంట తీసుకెళ్లండి. అడగకుండా ఫొటోలు తీయకండి. కాస్త ఓపికుంటే సందె వేళ దాకా కూర్చోండి... కోళ్లు ఎక్కేదాకా.